యాభై హెర్ట్జ్

తార్నాకలో మా ల్యాబు, మూడో అంతస్తు.
బాలనర్సు చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాడు.
ఒంటి మీద అరవై నాలుగు ఎలక్ట్రోడ్లు,
జెల్ చల్లగా తగిలినప్పుడల్లా
"పెండ్లిల నలుగు వెట్టినట్టున్నది మేడమ్" అంటూ.

మౌలాలి సెక్షన్లో ముప్పై ఒక్కేళ్ళ లైన్‌మన్.
రెండుసార్లు స్తంభం మీంచి పడ్డాడు.
ఎడమ అరచేతిలో ఎండిన రేగుపండంత మచ్చ,
ఎలా వచ్చిందో నేనడగలేదు.
అప్పుడప్పుడు గుండె ఒక మెట్టు తప్పుతోందని
డాక్టర్లు మా దగ్గరికి పంపారు.

తెర మీద ఆయన మొండెం మెల్లగా తిరుగుతోంది,
నాలుగేసి ముఖాల ముక్కలు, పదకొండు లక్షలు.
ఒక్క ముక్క తిరగబడినా లెక్క ఆగిపోతుంది.
నిన్న రాత్రి రెండింటిదాకా వెతికితే
కాలేయానికీ పక్కటెముకకీ నడుమ దొరికింది,
బియ్యంలో రాయిలా.

ఊపిరితిత్తులకు ఒక అంకె. లోపలంతా గాలి, కరెంటుకు గిట్టదు.
నెత్తురుకు ఇంకో అంకె. ఉప్పు నీళ్ళు, దారిస్తుంది.
కొవ్వుకు, ఎముకకు, కండ నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి.
మనిషిని ఇలా అంకెలకు అప్పజెప్పడం
మొదట్లో ఏదోలా ఉండేది.
ఇప్పుడు అలవాటైంది.
అది ఇంకా ఏదోలా ఉంది.

"ఎర్రగున్నకాడ మంచిగున్నట్టా, నీలమున్నకాడనా?"
రంగులు నేనే వేశాను, లోపల ఏ రంగూ ఉండదన్నాను.
కాసేపు ఆలోచించి
"మా దగ్గర గూడ గంతే. ఎరుపు, పసుపు, నీలం
అన్నీ పైన తొడుగుకే" అన్నాడు.

గుండె నుంచి చర్మానికి లెక్క కట్టడం తేలిక.
చర్మం నుంచి గుండెకి వెనక్కి పోవాలి, అదీ తిప్పలు.
పిసరంత రొద కలిస్తే చాలు,
ఒకే చర్మానికి వంద గుండెలు జవాబుగా వచ్చి నిలబడతాయి.
అందులో నెమ్మదైనదాన్ని ఎంచుకోమని
ప్రోగ్రాంకి నేనే రాసిపెట్టాను.
నెమ్మదైనదే నిజమని నాకెవరు చెప్పారో గుర్తులేదు.

ఆ రొద యాభై హెర్ట్జ్.
ట్యూబులైటు, ఏసీ, కింద జిరాక్సు మిషను,
ఊరు ఊరంతా
సెకనుకు యాభైసార్లు ఆయన ఒంట్లోకి వచ్చి పోతోంది.
జల్లెడ పడితే గుండె కూడా కాస్త రాలిపోతుంది.
"అది మా కరెంటే గదా," అన్నాడు,
మొహంలో కొంచెం గర్వం, "దాన్ని తీసేస్తవా?"

సరిగ్గా అప్పుడే వాన.
ఆరుంబావుకి కరెంటు పోయింది.
యూపీఎస్ బ్యాటరీలు చచ్చి నెల,
ఇండెంటు ఎవరి టేబుల్ మీదో ఉంది.
చీకట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే,
అందులో అరవై నాలుగు గీతలు
ఒక్కసారిగా సన్నబడ్డాయి,
దువ్విన తల వెంట్రుకల్లా.
ఆరేళ్ళలో అంత శుభ్రమైన గుండెను చూడలేదు నేను.

కదలొద్దు, అన్నాను గుసగుసగా.
కదల్లేదు. కళ్ళు మాత్రం కిటికీ మీద.
"అవుతల బ్యాంకు బోర్డు గూడ లేదు.
పదకొండు కేవీ పోయినట్టుంది. కొమ్మ వడ్డదేమో.
ఈ వానల ఎవడెక్కుతుండో.
కొత్త పోరడు, గ్లౌజులు బండి డిక్కీలనే మర్చిపోతడు."

గీతల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది.
డెబ్బై నాలుగు. ఎనభై ఎనిమిది.
నూట రెండు.
స్టూలు మీద కూర్చునే
స్తంభం ఎక్కుతున్నాడు బాలనర్సు.

తొమ్మిది నిమిషాలు.
లైట్లు వెలిగాయి, గీతలు లావెక్కి వణికాయి.
ఆయన ఊపిరి వదిలాడు.
అయ్యో అనుకున్నాను నేను. కరెంటు వస్తే నొచ్చుకున్నది
ఈ ఊళ్ళో బహుశా నేనొక్కదాన్నే.

జెల్ సగమే తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.
"ఎవరెక్కిండ్రు? గ్లౌజులేసుకున్నడా?
వాన్ని ఒకసారి మాట్లాడమను."

ఫారం నింపమని ప్రోగ్రాం అడుగుతోంది.
పేరు కొట్టాను, వయసు, తేదీ.
స్థితి అన్న గడిలో 'విశ్రాంతి' అని రాసి
చెరిపేశాను.
అది ఇంకా ఖాళీగానే ఉంది.